యూనివర్సిటీలో మొదటి ఏడాది ఫ్రెంచ్: తెలుగు వాళ్లు ఎలా చదవాలి

ఫ్రెంచ్ కోర్సులో చేరిన తెలుగు విద్యార్థుల్లో చాలామంది ఆ భాషని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు. పుస్తకం ఇంగ్లిష్‌లో వివరిస్తుంది, క్లాసులో ఉదాహరణలూ ఇంగ్లిష్‌లోనే, మనం నోట్స్ కూడా అలాగే రాసుకుంటాం. దాంతో ఇంగ్లిష్ వాళ్లకి ఉండే ఇబ్బందులు మనవి కాకపోయినా మనకీ అంటుకుంటాయి. నిజానికి వాళ్లని బాగా సతాయించే కొన్ని విషయాలు తెలుగు తెలిసినవాళ్లకి ముందే వచ్చు. మనకి కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. వాటి గురించి ఆ పుస్తకాలు పెద్దగా చెప్పవు. అందుకే రిజిస్ట్రేషన్ నుంచి చివరి పరీక్ష దాకా ఏం చేయాలో తెలుగు వైపు నుంచి వరసగా చెబుతున్నాను.

చేరే ముందు

కోర్సు పేరు "మొదటి ఏడాది ఫ్రెంచ్" అని ఉన్నా చాలా చోట్ల రెండు దారులుంటాయి. ఒక్క ముక్క కూడా రానివాళ్లకి ఒకటి, స్కూల్లో కొంత చదివినవాళ్లకి ఇంకొకటి. ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయండి. స్కూల్లో చదివిందంతా మర్చిపోయానని బిగినర్స్ క్లాసులో కూర్చున్నవాళ్లకి మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. ఆ హాయిలో చదివే అలవాటు తప్పుతుంది. వాళ్లకి తెలిసిన పాఠాలు అయిపోయేసరికి క్లాసు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. సెక్షన్ మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో మొదటి రోజే చూసి పెట్టుకోండి.

సిలబస్ కాగితంలో మూడు చూడాలి. మార్కుల్లో మాట్లాడేదానికి ఎంత, హాజరుకి ఎంత, అనువాద యాప్‌లూ ఏఐ వాడటం గురించి ఏమన్నారు. పాఠ్యపుస్తకం సెకండ్ హ్యాండ్‌లో కొనే ముందు ఆన్‌లైన్ వర్క్‌బుక్‌కి యాక్సెస్ కోడ్ కావాలేమో కనుక్కోండి. ఒకరు వాడేసిన కోడ్ చాలావరకు మళ్లీ పనిచేయదు.

ఏడాదిలో ఎంత వస్తుందో కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల్లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. మొదటి ఏడాది కోర్సులు మామూలుగా ఏ1 పూర్తి చేసి ఏ2 దగ్గరికి చేరుస్తాయి. అంటే మీ గురించి చెప్పుకోవడం, దారి అడగడం, నిన్న ఏం చేశారో చెప్పడం, చిన్న ఉత్తరం రాయడం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దౌత్యవేత్తలు ఫ్రెంచ్‌లో ఉద్యోగం చేసే స్థాయికి రావాలంటే దాదాపు 600 నుంచి 750 గంటల క్లాసులు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. మీ కోర్సులో అందులో చిన్న భాగమే జరుగుతుంది. కాబట్టి డిసెంబరుకల్లా సినిమాలు అర్థం కావడం లేదని దిగులు పడకండి.

మొదటి రెండు వారాలు నోటికీ చెవికీ ఇవ్వండి

క్లాసులో పలకరింపులు, అంకెలు, రోజుల పేర్లు నడుస్తున్నప్పుడు ఇంట్లో శబ్దాల మీద కూర్చోండి. ఈ రెండు వారాల్లో సరిచేసుకోని ఉచ్చారణ తర్వాత మొండికేస్తుంది.

ముందు మనకున్న సౌకర్యం. ఫ్రెంచ్‌లో టి అక్షరాన్ని నాలుక పళ్లకి తగిలించి పలుకుతారు, అంటే మన "త". డి మన "ద". ప, త, క పలికేటప్పుడు ఇంగ్లిష్‌లోలా గాలి బయటికి తన్నదు, తెలుగులో ఎలా పలుకుతామో అలాగే. ఇంగ్లిష్ వాళ్లు నెలల తరబడి సరిదిద్దుకునే విషయం ఇది. మనం చేయాల్సిందల్లా "టేబుల్" అనే అలవాటు పక్కన పెట్టి "తాబ్ల్" అనడమే. టి కనపడగానే నోరు "ట" వైపు వెళ్తుంటే, మీరు ఫ్రెంచ్‌ని ఇంగ్లిష్ అనుకుని చదువుతున్నట్టే.

ముక్కుతో పలికే అచ్చులు ఇంకో సంగతి. "బోఁ" (మంచి), "వెఁ" (ద్రాక్షసారా), "సాఁ" (వంద) లాంటి మాటల్లో చివర న, మ ఏవీ వినపడవు. అచ్చే ముక్కులోంచి వస్తుంది. దీన్ని రాసుకోవడానికి మన దగ్గర అరసున్న ఉంది. నోట్స్‌లో అరసున్నే వాడండి. నిండు సున్న పెడితే "బోన్", "బోమ్" అని నోరు మూసేస్తారు. "బోఁ" పురుషలింగం, "బొన్" స్త్రీలింగం కాబట్టి ఆ నకారం వినపడితే లింగమే మారుతుంది.

తెలుగులో లేని శబ్దాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇలా పట్టుకోండి.

"త్యు" (నువ్వు) అనే మాటలో ఉన్న అచ్చుకి తెలుగు అక్షరం లేదు, "యు" అని దగ్గరగా రాశానంతే. "ఈ" అని పలుకుతూ, నాలుక కదల్చకుండా, పెదాలు మాత్రం "ఊ"కి చుట్టినట్టు చుట్టండి. అదే శబ్దం. "దెస్యు" అంటే పైన, "దెసు" అంటే కింద. ఈ జంటని చెవికి తేడా తెలిసేదాకా వినండి.

రెండు అనే అర్థమున్న మాటలో ఇంకో అచ్చు వస్తుంది. దానికి నాలుకతో "ఏ" అనండి, పెదాలతో "ఓ" అనండి.

"జ" (నేను) అన్నప్పుడు అది జడలో జ కాదు, జీడిలో జ కూడా కాదు. "ష్" అని పొడిగిస్తూ గొంతు మోగించండి. అలాగే "స్" అంటూ గొంతు మోగిస్తే జూలో వినపడే జ వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ "ఇల్ సోఁ" అంటే వాళ్లు ఫలానా అని, "ఇల్‌జోఁ" అంటే వాళ్లకి ఫలానాది ఉందని. ఆ ఒక్క హల్లే తేడా.

ఆర్ శబ్దం కోసం నాలుక కొనని కింది పళ్ల వెనక ఆనించి వదిలేయండి. నీళ్లు పుక్కిలించేటప్పుడు గొంతు వెనక ఎక్కడ కదులుతుందో అక్కడ గాలి రాపిడి పుట్టించండి. మన "ర"తో పలికినా అర్థమవుతుంది కాబట్టి దీనికోసం టెన్షన్ పడొద్దు. పైవన్నీ సరిగ్గా రావడం దీనికన్నా ముఖ్యం.

ఇక మనకి మాత్రమే ఉన్న ఇబ్బంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ మన నోట్లో బస్సు అవుతుంది. ఫ్రెంచ్‌లో "పెతి" అంటే చిన్నవాడు, "పెతిత్" అంటే చిన్నది. చివరి హల్లు అక్కడితో ఆగిపోవాలి. "పెతిత్తు" అన్నారంటే వినేవాళ్లు తికమకపడతారు. హల్లు మీద ఆపడం రోజూ బయటికి అని సాధన చేయండి.

రాతలో చివర కనిపించే హల్లుల్లో చాలావాటిని పలకరు. కానీ తర్వాతి మాట అచ్చుతో మొదలైతే చాలాసార్లు అవి బయటికొస్తాయి. "లే" (బహువచనం ముందు వచ్చే ముక్క) పక్కన "అమీ" (స్నేహితులు) వస్తే "లేజామీ" అవుతుంది. తెలుగులో సంధి చేసే అలవాటున్న నోటికి ఇది వింత కాదు. కాబట్టి మాటల్ని విడివిడిగా కాకుండా గుంపుగా నేర్చుకోండి.

నామవాచకాన్ని ఒంటరిగా రాసుకోకండి

ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పురుషలింగం. తెలుగులో వస్తువులన్నీ "అది" కిందికే వస్తాయి కాబట్టి ఇందులో మనకి సాయం ఏమీ లేదు. బట్టీ పట్టాల్సిందే, కానీ బట్టీ పట్టే తీరు ఒకటుంది. మాటతో పాటు ఇంగ్లిష్ "ద" లాంటి "ల" (పురుషలింగం), "లా" (స్త్రీలింగం) రాసుకోమని చాలామంది చెబుతారు. నేనైతే "ఒక" అనే అర్థమున్న "అఁ" (పురుషలింగం), "యున్" (స్త్రీలింగం) రాసుకోమంటాను. ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాటల ముందు "ల", "లా" రెండూ ఒట్టి "ల్" అయిపోయి లింగం దాగిపోతుంది. "లెకోల్" (బడి) అని రాసుకుంటే లింగం తెలియదు, "యున్ ఎకోల్" అని రాసుకుంటే తెలుస్తుంది.

ముగింపులు కొంత ఆసరా ఇస్తాయి. "సియోఁ"తో ముగిసే మాటలు స్త్రీలింగం. "ఎత్"తో ముగిసే చిన్న వస్తువుల పేర్లూ అంతే. "మాఁ", "ఇస్మ్"తో ముగిసేవి దాదాపు అన్నీ పురుషలింగం. "ఆజ్"తో ముగిసేవీ ఎక్కువగా పురుషలింగమే కానీ "ప్లాజ్" (బీచ్), "ఇమాజ్" (బొమ్మ), "పాజ్" (పేజీ) స్త్రీలింగం. "పెర్సొన్" (వ్యక్తి) అనే మాట మగవాడి గురించి అన్నా స్త్రీలింగంలోనే ఉంటుంది. ఇలాంటివి నోట్స్ చివర ఒక పేజీలో పోగేసుకుంటూ పోండి.

లింగం కన్నా మనల్ని ఎక్కువ కాలం వేధించేవి, మాట ముందు వచ్చే ఈ చిన్న ముక్కలు. "నీళ్లు తాగుతాను" అన్నప్పుడు తెలుగులో నీళ్ల ముందు ఏమీ ఉండదు. ఫ్రెంచ్‌లో ఉండి తీరాలి. కొంత పరిమాణం అయితే "జ బ్వా ద లో". కాదన్నప్పుడు ఆ ముక్క కుంచించుకుపోయి "జ న బ్వా పా దో" అవుతుంది. ఇష్టాయిష్టాలు చెప్పేటప్పుడు మాత్రం "ల", "లా"యే వస్తాయి, రొట్టె అంటే ఇష్టమనడానికి "జెమ్ ల పెఁ". ఈ మూడు నమూనాలనీ నియమంగా కాక వాక్యాలుగా నోటికి రానివ్వండి. మీకు తెలిసిన ప్రతి తిండి పేరునీ మూడింటిలో పెట్టి బయటికి చదవండి. మొదటి సెమిస్టర్‌లో ఇంతకన్నా మార్కులు తెచ్చిపెట్టే కసరత్తు లేదు.

విశేషణాలు ఎక్కువగా నామవాచకం తర్వాత వస్తాయి. చిన్న, పెద్ద, మంచి, అందమైన, ముసలి, పడుచు లాంటి కొన్ని మామూలు మాటలు మాత్రం మనలాగే ముందు వస్తాయి.

క్రియలు తెలుగులో ఆలోచించండి

"చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తాం" అని పుట్టిన దగ్గర్నుంచి క్రియ చివర మార్చుకుంటూ మాట్లాడుతున్నవాళ్లం మనం. ఫ్రెంచ్ క్రియల పట్టిక చూసి బెదిరిపోవాల్సిన పని లేదు. దాదాపు 90 శాతం క్రియలు "పార్లే" (మాట్లాడటం) దారిలోనే నడుస్తాయి. వాటిలో నేను, నువ్వు, అతను, వాళ్లు అనే నాలుగింటికీ రాత వేరైనా పలికేది ఒకటే, "పార్ల్". "ను పార్లోఁ" (మనం), "వు పార్లే" (మీరు) మాత్రమే వేరుగా వినిపిస్తాయి. అందుకే పట్టికని ముందు చెవితో నేర్చుకుని తర్వాత స్పెల్లింగ్ రాయండి. తిరగేసి చేసినవాళ్లు పలకని అక్షరాలు కూడా పలుకుతారు.

నియమం తప్పే క్రియల్లో నాలుగు మాత్రం మొదటి నెలలోనే నిద్రలో లేపినా చెప్పగలగాలి. "ఎత్ర్" (అవడం), "అవ్వార్" (కలిగి ఉండటం), "అలే" (వెళ్లడం), "ఫేర్" (చేయడం). తర్వాత వచ్చే కాలాల్లో కొన్ని వీటి మీదే లేస్తాయి.

"అవ్వార్" దగ్గర తెలుగు బాగా పనికొస్తుంది. నాకు ఆకలిగా ఉంది, నాకు దాహంగా ఉంది, నాకు భయం, నాకు నిద్రొస్తోంది, నాకు చలి, నాకు 18 ఏళ్లు. తెలుగులో "నాకు" వచ్చే ఈ మాటలన్నిటికీ ఫ్రెంచ్‌లో "జే", అంటే నా దగ్గర ఉంది అనే రూపం వస్తుంది. ఆకలికి "జే ఫెఁ". ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే "ఎత్ర్" వాడి తప్పు చేస్తారు.

"దాన్ని", "వాళ్లని" లాంటివి క్రియకి ముందు పెట్టాలనే పాఠం రెండో సెమిస్టర్ ప్రాంతంలో వస్తుంది. "జ ల వ్వా". నేను, దాన్ని, చూస్తున్నాను. అచ్చం మన వరసే. ఇంగ్లిష్ వాక్యం మనసులో పెట్టుకోకపోతే ఈ పాఠం సులువుగా దాటేస్తారు.

గతకాలం రెండు రకాలు. "వెళ్లాను" అన్నట్టు జరిగి అయిపోయిన పనికి ఒకటి. "వెళ్లేవాణ్ణి", "వెళ్లేదాన్ని" అన్నట్టు అలవాటుగా సాగినదానికి, "వాన పడుతోంది, అప్పుడు ఫోన్ మోగింది" అన్నదాంట్లో వాన లాంటి నేపథ్యానికి ఇంకొకటి. ఏది వాడాలో సందేహం వస్తే ముందు తెలుగులో చెప్పుకోండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. మొదటి రకాన్ని మామూలుగా "అవ్వార్" సాయంతో కడతారు, కానీ రాక, పోక, పుట్టుక, చావు లాంటి ఇరవైలోపు క్రియలు "అవ్వార్"కి బదులు "ఎత్ర్"తో వస్తాయి. వాటి జాబితాని పరీక్షకి ముందు కాదు, పాఠం చెప్పిన వారమే నేర్చుకోండి.

నువ్వు, మీరు అనే తేడా "త్యు", "వు"లో ఉంది కాబట్టి మనకి అలవాటే. ప్రొఫెసర్‌కి "వు", తోటి విద్యార్థులకి "త్యు". కానీ అమ్మానాన్నలని, తాతయ్యని ఫ్రెంచ్ కుటుంబాల్లో మామూలుగా "త్యు" అనే అంటారు. పెద్దవాళ్లు కదా అని ఇంట్లో సంభాషణ రాసేటప్పుడు "వు" పెట్టేయకండి.

రోజూ చేయాల్సిన పని

ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా రోజూ అరగంట మేలు. నేర్చుకున్నది ఎంత తొందరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. జారిపోయే ముందు మళ్లీ చూసుకోవడమే మందు. ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్ ఈ పని లెక్కగా చేస్తుంది. కార్డు మీద ఒంటరి మాట కాకుండా చిన్న వాక్యం పెట్టండి, వీలైతే ఆడియో జోడించండి. వేరేవాళ్లు చేసిన వేల కార్డుల డెక్ దించుకోవద్దు. మీ పాఠంలో వచ్చిన మాటలతో మీరే చేసుకుంటే కార్డు రాయడంలోనే సగం చదువు అయిపోతుంది.

మిగిలిన సమయంలో పాఠంలోని డైలాగ్ ఒకటి తీసుకోండి. మొదట పుస్తకం మూసి వినండి. తర్వాత చూస్తూ వినండి. ఆపైన ఒక్కో వాక్యం ఆపి అదే వేగంతో అనండి. ఫోన్‌లో రికార్డు చేసి అసలుదాంతో పోల్చుకోండి. మీ గొంతు వినడం మొదట ఇబ్బందిగానే ఉంటుంది, అయినా మానకండి. నోటి తప్పు పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు.

పుస్తకం బయట వినడానికి ఫ్రెంచ్ టీవీ చానల్ టీవీ5మోండ్ వాళ్ల ఉచిత సైట్‌లో ఏ1 నుంచి స్థాయి ప్రకారం వీడియోలూ ఎక్సర్‌సైజులూ ఉన్నాయి. ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్ఎఫ్ఐ సులభమైన ఫ్రెంచ్‌లో రోజూ వార్తలు ఇస్తుంది, రాతప్రతి కూడా పెడుతుంది. అది ఏడాది చివరికి గానీ అందదు. అసలు ఫ్రెంచ్ వాళ్ల మాటలు వినేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పుస్తకంలో "కాదు"కి "న", "పా" రెండూ ఉంటాయి, మాటల్లో "న" ఎగిరిపోతుంది. "మనం" అనడానికి "ను" బదులు "ఓఁ" వాడతారు. పరీక్షలో మాత్రం "న" రాయండి.

అంకెలకి విడిగా టైమ్ పెట్టండి. 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 90 అంటే నాలుగు ఇరవైల పది. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కీ 90కీ సూటి మాటలున్నాయి, కానీ మీ పరీక్షలో ఫ్రాన్స్ పద్ధతే వచ్చే అవకాశం ఎక్కువ. ఫ్రాన్స్ ఫోన్ నంబర్లు పది అంకెలు, వాటిని రెండేసి చొప్పున చెబుతారు. "స్వాసాఁత్" వినగానే 6 రాసేశారంటే తర్వాత "కేఁజ్" వచ్చి అది 75 అవుతుంది. జంట మొత్తం విన్నాకే పెన్ను కదపండి. ఒక ఫ్రెండ్‌ని నంబర్లు చదవమని అడిగి రాసుకోండి.

క్లాసులో, ఇంటి పనిలో

ముందు వరసలో కూర్చోవాలని కాదు గానీ, ప్రతి క్లాసులో కనీసం ఒక్కసారి మీ అంతట మీరు నోరు విప్పండి. మూడు వాక్యాలు మొదటి వారమే కంఠతా పట్టండి. "జ నే పా కోఁప్రి" అంటే నాకు అర్థం కాలేదు. "వు పువే రెపేతే, సిల్ వు ప్లే?" అంటే మళ్లీ చెబుతారా. "కొమాఁ దితోఁ" అని ఆ తర్వాత మీకు తెలియని మాట ఇంగ్లిష్‌లో అంటే, దాన్ని ఫ్రెంచ్‌లో ఏమంటారని అడిగినట్టు. ఇవి ఉంటే తడబడినప్పుడు ఇంగ్లిష్‌లోకి పారిపోరు. ఒక వారం క్లాసు పోతే మరుసటి వారమే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. ఈ సబ్జెక్టులో ప్రతి పాఠం ముందుదాని మీద నిలబడుతుంది, చివర్లో కూర్చుని అంతా కలిపి చదవడం కుదరదు.

రాసే అసైన్‌మెంట్లలో పెద్ద ఆలోచన ఒకటి ఇంగ్లిష్‌లో అనుకుని దాన్ని మార్చబోతే వాక్యం విరుగుతుంది. నేర్చుకున్న వాక్యాలతో ఎంత చెప్పగలరో అంతే చెప్పండి. అనువాద యాప్‌తో రాస్తే టీచర్‌కి వెంటనే తెలిసిపోతుంది. మీరింకా నేర్చుకోని కాలాలు అందులో ఉంటాయి. నిఘంటువులో ఒక్క మాట చూసుకోవడం వేరు, వాక్యం మొత్తం చేయించుకోవడం వేరు. రాశాక నాలుగుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్కదాని కోసమే. క్రియ చివరలు, లింగం, బహువచనం, అక్షరాల మీది గీతలు. ఆ గీతలు అలంకారం కాదు, లేకపోతే స్పెల్లింగ్ తప్పే. ఫోన్‌లో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తాయి. కంప్యూటర్‌లో ఇంటర్నేషనల్ కీబోర్డు లేఅవుట్ మొదటి వారమే పెట్టుకోండి.

పరీక్షలు

వినే పరీక్షలో ఆడియో మొదలయ్యే ముందు ప్రశ్నలు చదివేయండి. ప్రశ్నపత్రంలో సూచనలు కూడా ఫ్రెంచ్‌లోనే ఉండొచ్చు. "ఎకుతే" వినండి, "లీజే" చదవండి, "కోషే" టిక్ పెట్టండి, "రెపోఁదే" జవాబివ్వండి, "కోఁప్లేతే" ఖాళీలు నింపండి. ప్రతి మాటా అర్థం కావాలని కూర్చోకండి, అడిగింది దొరికితే చాలు.

మాట్లాడే పరీక్షకి పేరా రాసుకుని బట్టీ పట్టడం అందరూ చేసే పని. మధ్యలో ఒక ప్రశ్న అడగ్గానే అది చెదిరిపోతుంది. బదులుగా కుటుంబం, చదువు, ఊరు, తిండి, సెలవులు లాంటి ఒక్కో విషయానికీ ఐదారు మాటలు మాత్రమే కాగితం మీద పెట్టుకోండి. వాటిని చూస్తూ ప్రతిసారీ కొత్త వాక్యాలు చెప్పండి. ఒక జోడీ దొరికితే ఒకరు అడగడం, ఒకరు చెప్పడం, తర్వాత మార్చుకోవడం. చెబుతుండగా తప్పు దొర్లితే ఆగి సరిదిద్దుకోవచ్చు, దాన్ని చాలామంది పరీక్షకులు మెచ్చుకుంటారు. నిశ్శబ్దంగా ఉండిపోవడమే నష్టం.

ఏడాది అయ్యాక

బయట సర్టిఫికెట్ కావాలనుకుంటే డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 చొప్పున 100 మార్కులు. పాస్ కావడానికి మొత్తం 50, ఒక్కోదాంట్లో కనీసం 5 రావాలి. ఆ సర్టిఫికెట్‌కి గడువు తీరడం అంటూ లేదు. కోర్సు బాగా చేసినవాళ్లు ఏ1 ధైర్యంగా రాయొచ్చు. ఏ2కి మాత్రం గతకాలాలు రెండూ చేతిలో ఉండాలి, నమూనా ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాసి చూశాకే ఫీజు కట్టండి.

రెండో ఏడాది తీసుకునేవాళ్లు సెలవుల్లో కొత్త పాఠాల జోలికి పోనక్కర్లేదు. ఫ్లాష్‌కార్డులు ఆపకండి, పాత డైలాగులు రోజుకొకటి వినండి, వారానికోసారి ఆ వారం ఏం చేశారో పది వాక్యాలు గతకాలంలో రాయండి. ఒక సెమిస్టర్ ఖాళీ వదిలి చేరాలనుకుంటే మళ్లీ ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయించుకునే చేరండి.